లవకుశ నుండి శ్రీరామరాజ్యము వరకు: శ్రోతల నిరీక్షణము

ఆంధ్రవాఙ్మయ చరిత్రలు కవిని గూర్చియు, కావ్యమును గూర్చియు, కృతిపతిని గూర్చియు చెప్పినంత విపులముగా శ్రోతను గూర్చి చెప్పవు. కావ్యము వెలువడిన పిదప దానిని మెచ్చినవారి మాట అక్కడక్కడ కానవచ్చును. వెలువడుటకు పూర్వము దానికై ఎదురుచూచినవారి మాట మాత్రము దాదాపు శూన్యము. ప్రాచీన కావ్యముల విషయమున ఇది అనివార్యమే. తిక్కన నిర్వచనోత్తర రామాయణమును రచించుచుండగా మనుమసిద్ధి ఆస్థానమున ఎవ్వరు దానికై ఆసక్తితో వేచియుండిరో తెలిసికొనుటకు మనకు సాధనము లేదు. కంకంటి పాపరాజు అదే కథను మరల చేపట్టినప్పుడు తిక్కనను చదివినవారు సందేహించిరా, సంతోషించిరా యనునదియు తెలియదు. కాని అదే ఉత్తరరామకథను తెలుగు చలనచిత్రము మూడుమారులు, 1934, 1963, 2011 సంవత్సరములలో చేపట్టినది. ఈ మూడు సందర్భములందును శ్రోతలున్నారు. వారికి పూర్వకృతుల జ్ఞాపకములున్నవి. ఆ జ్ఞాపకములను నిలిపిన సాధనములు ఎట్టివో మనకు తెలియును. కనుక కావ్యచరిత్రలో వీలుకాని పరిశీలన ఇచట కొంత వీలగుచున్నది.

ఈ వ్యాసమున మేము ముఖ్యముగా మూడవ సందర్భమును చర్చింపదలచితిమి. బాపు దర్శకత్వమున, ముళ్లపూడి వెంకటరమణ రచనతో రూపొందిన శ్రీరామరాజ్యము 2011 నవంబరు 17న విడుదలయ్యెను. దానికి సంగీతము కూర్చిన ఇళయరాజాకు అప్పటికి 68 ఏండ్లు. ఆయన చిత్రరంగమున ప్రవేశించి 35 ఏండ్లు గడచినవి. వృద్ధుడైన ఒక సంగీతకర్త, జనులందరకు కంఠస్థమైన పూర్వసంగీతము గల కరుణరసప్రధానమైన కథకు క్రొత్తగా సంగీతము కూర్చుచున్నాడను వార్త వినినప్పుడు శ్రోతలు దేనికై ఎదురుచూచిరి? క్రొత్తదానికా, పాతదానికా? మా అభిప్రాయమిది: శ్రోతల నిరీక్షణము పూర్వసంగీతము వారి చెవులలో ఎంత తాజాగా నున్నదో దానిని బట్టి యుండును, అట్లు తాజాగా నుండుట, ఆ సంగీతమును మరల మరల వినుటకు ఆ కాలమున ఏ సాధనములుండెనో దానిని బట్టి యుండును. ఈ సంగతిని గుర్తింపక శ్రీరామరాజ్య సంగీతమును లవకుశ సంగీతముతో తూచి తీర్పు చెప్పుట న్యాయము కాదు.

అభిమానుల ఉత్సాహము పరిశోధనకు తగిన విషయము కాదను తలంపు విశ్వవిద్యాలయములలో ఇంకను కలదు. రజతపటము మీద మోజును రసజ్ఞత యనరాదని పెద్దలు కొందరు వాదింతురు. మోజు వేరు, నిరీక్షణము వేరు. సంగీతకర్త ఇంతకు ముందు ఏమి చేసినాడో తెలిసి, ఈ కథలో ఏ ఘట్టమునకు ఎట్టి సంగీతము కావలెనో ఊహించి వేచియుండువాడు ఒక విధమైన విమర్శకుడే. అతని విమర్శ వ్రాతరూపమున నుండదు కనుక మనకు కష్టము; అంతకంటె వేరు దోషము లేదు.

చలనచిత్రమునకు పూర్వము పద్యనాటకము కలదు. నాటకశాలలో ప్రేక్షకుడు దేనికై వేచియుండెడివాడో చూచినచో మన విషయము కొంత తేటపడును. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను ప్రదర్శించునప్పుడు సభలో నున్నవారికి రాయబారపు పద్యములు ముందే వచ్చును. కృష్ణపాత్రధారి పద్యమెత్తుకొనగానే పెదవులు కదలించు శ్రోతలు వందలకొలది. వారికి కావలసినది క్రొత్త పద్యము కాదు; తెలిసిన పద్యము ఈ నటుని కంఠమున, ఈ రాత్రి, ఏ రాగమున ఎంత దూరము సాగునో వినవలెను. సాగినచో ‘వన్సుమోరు’. ఇట్టి నిరీక్షణము నాటకపాఠమునే మార్చిన ఉదాహరణము కూడ కలదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో జాషువా శ్మశానపద్యములను పాడుట పరిపాటి యయ్యెను. అవి బలిజేపల్లివారివి కావు. అయినను అవి లేని కాటిసీనును శ్రోతలు అంగీకరింపరైరి. నాటకకర్త వ్రాసినదానికంటె శ్రోత కోరినది బలవత్తరమైన సందర్భమిది. నాటకసాహిత్యమును బోధించువారు ఈ సంగతిని ఒక వింతగా పేర్కొని విడిచిపెట్టుచున్నారు. దీనిని శ్రోతల చరిత్రకు ప్రధానమైన ఆధారముగా గ్రహింపవలెను.

ఇక చలనచిత్రములకు వత్తము. మొదటి లవకుశ 1934లో వచ్చినది. కలకత్తాలో ఈస్టిండియా ఫిల్ము కంపెనీవారు నిర్మించిరి, సి. పుల్లయ్య దర్శకుడు. పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. ప్రభల సత్యనారాయణ సంగీతము. అప్పటికి నేపథ్యగానము లేదు, నటీనటులే పాడవలెను. చిత్రము అఖండవిజయము పొందినది. మూకీలను మాత్రమే చూచిన పల్లెజనులకు సీతారాములు మాటలాడుటయు పాడుటయు అపూర్వమైన అనుభవము. వారు ఎదురుచూచినది సంగీతకర్త కొరకు కాదు, కథ కొరకు. ప్రభల సత్యనారాయణ పేరు ఎరిగి చిత్రమునకు పోయినవారు బహుకొలది యని చెప్పుటకు సాహసింపవచ్చును.

29 ఏండ్ల తరువాత రెండవ లవకుశ. ఇదియు సి. పుల్లయ్య చేపట్టినదే, ఆయన కుమారుడు సి. ఎస్. రావు పూర్తిచేసెను. పూర్తిగా రంగులలో తీసిన తొలి తెలుగు చిత్రమిది. ఏండ్ల తరబడి నిర్మాణము సాగి 1963 మార్చి 29న విడుదలయ్యెను. ఘంటసాల సంగీతము. పాటలును పద్యములును కలిసి ముప్పదికి పైగా నున్నవి. ఒకే దర్శకుడు ఒకే కథను మూడు దశాబ్దముల అంతరమున మరల తీయగా పాత చిత్రపు పాటలతో పోల్చి చూచుట సహజమే కదా. మొదటి చిత్రమును చూచినవారు 1963 నాటికి నలుబదియైదు, ఏబది యేండ్లవారై యుందురు. కాని ఆ పోలిక బలముగా నిలిచిన జాడ కనబడదు. ఘంటసాల వరుసలు వినబడిన కొలదికాలమునకే ప్రభలవారి వరుసలు మాసిపోయినవి.

దీనికి కారణము ఘంటసాల ప్రతిభ యొక్కటే యని మేము తలంపము. ఆ ప్రతిభను తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికమున అబ్బిన శాస్త్రీయజ్ఞానము, పద్యమును రంగస్థలపు దీర్ఘాలాపనల నుండి తప్పించి అర్థమునకు అనుగుణముగా విరచి చదువు నేర్పు, ఆ గాంభీర్యము తెలిసినవే. కాని 1934 నాటి పాటలను చిత్రము వెళ్లిపోయిన తరువాత మరల వినుటకు సామాన్యునకు మార్గమేది? గ్రామఫోను కలవారి ఇంట ప్లేటు కలదు. ఆ ఇండ్లు ఊరికొక్కటియు లేవు. రేడియో అప్పటికి ఇంకను ఊళ్లకు రాలేదు. చిత్రము ఊరికి మరల వచ్చిననే పాట మరల వినవచ్చును. పాటల పుస్తకము మాత్రము చేతిలో నుండును. అందు సాహిత్యముండును గాని స్వరముండదు. పుస్తకమును చూచి పాడుకొన్నవాడు వరుసను తనకు తెలిసినట్లు మార్చి పాడుకొనును. పది యేండ్లలో అది వేరొక వరుస యగును. జ్ఞాపకమునకు ఊతము లేనప్పుడు అది క్రొత్తదానికి చోటిచ్చి తప్పుకొనును.

ఈ పాటల పుస్తకములను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. వీనిలో కథాసంగ్రహము సగమువరకు ముద్రించి, తరువాయి కథను వెండితెర మీద చూడవలసినదిగా కోరుట ఆచారము. రహస్యమైన కథలకు ఈ నియమము చెల్లును. రామకథకు తరువాయి ఏమగునో ఎరుగని తెలుగువాడుండునా? శ్రోతను కథ కొరకు వేచియుండుమని చెప్పు ఈ వాక్యము, అతడు నిజముగా వేచియుండునది కథ కొరకు కాదని మనకు తెలుపుచున్నది. పాటల పుస్తకములను గ్రంథాలయములు సేకరింపలేదు. సేకరించిన చోట జాబితాలలో చేర్చలేదు. తెలుగు పరిశోధనకు ఇది నష్టము.

1963 తరువాత స్థితి పూర్తిగా మారినది. ఆకాశవాణి వ్యవహారములు బి. వి. కేస్కర్ మంత్రిత్వమున నుండగా, 1952 మొదలు చలనచిత్ర గీతములకు రేడియోలో చోటు తగ్గినది. ఆ కాలమున శ్రోతలు రేడియో సిలోను వైపు తిరిగిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైన పిదప సినిమాపాట ప్రభుత్వ రేడియోలో మరల గౌరవస్థానము సంపాదించెను. లవకుశ పాటలు ఈ వెల్లువలో వెలువడినవి. వానికి మరియొక భాగ్యము కూడ పట్టినది. ట్రాన్సిస్టరు రేడియోలు, మైకుసెట్లు పల్లెలకు చేరిన కాలమది. శ్రీరామనవమి పందిరి వేసిన ప్రతియూరిలోను మైకుసెట్టువారి పెట్టెలో లవకుశ రికార్డులు తప్పక యుండెడివి. టూరింగు టాకీసులలో చిత్రము మరల మరల ఆడినది. ఒక పాటను శ్రోత జీవితమున ఎన్నిమారులు వినును అను ప్రశ్నకు 1934లో సమాధానము రెండో మూడో. 1963 తరువాత లెక్కింపనలవికాదు. తండ్రికి తెలిసిన పాట కొడుకునకు తెలియుట మాత్రమే కాదు, అదే కంఠమున, అదే గమకముతో, అదే వాద్యముల నడుమ తెలియుచున్నది. జ్ఞాపకము ఇక మాసిపోదు. సుశీల, లీల కుశలవుల కొరకు పాడిన పాటలు 2011 నాటికి 48 ఏండ్లవి. పందిళ్లలో మాత్రము వాని వయస్సు పెరుగలేదు.

ఇంతటి తాజాదనము కల పూర్వసంగీతమునకు ఎదురుగా నిలిచి క్రొత్త సంగీతమును కూర్చవలసిన అవస్థ ఘంటసాలకు కలుగలేదు, ఇళయరాజాకు కలిగినది.

ఇళయరాజాకు వేరు రెండు జ్ఞాపకములతో కూడ పోటీ యుండెను. బాపు రామకథను చిత్రించుట ఇది మొదటిమారు కాదు. సంపూర్ణ రామాయణము, 1975లో శ్రీరామాంజనేయ యుద్ధము, 1976లో సీతాకల్యాణము ఆయన తీసినవే. 1975లోనే వచ్చిన ముత్యాలముగ్గు సాంఘికవేషమున నున్న ఉత్తరరామాయణ మని అందరెరిగినదే. వీనికన్నిటికి సంగీతము కె. వి. మహదేవన్‌ది. వ్రాసిన సాహిత్యమును ముందుంచుకొని, పలుకు విరుపును బట్టి వరుస కట్టుట మహదేవన్ పద్ధతి. బాపు రాముడు పాడునప్పుడు మహదేవన్ వరుసలోనే పాడునని ఒక తరమువారికి అభ్యాసమైపోయినది. మహదేవన్ 2001లో స్వర్గస్థుడయ్యెను. ఇళయరాజా బాపుతో పూర్వము పనిచేయకపోలేదు. 1983లో మంత్రిగారి వియ్యంకుడు వారిద్దరి కలయికయే. కాని అది హాస్యకథ. రామకథ వేరు.

రెండవ జ్ఞాపకము ఇళయరాజాది స్వయముగా. 1983లో సాగరసంగమము, 1984లో సితార, 1988లో రుద్రవీణ, స్వర్ణకమలము, 1989లో గీతాంజలి: ఈ చిత్రముల సంగీతమును తెలుగువారు క్యాసెట్టులలో విన్నారు. సాగరసంగమమునకును రుద్రవీణకును ఆయనకు జాతీయపురస్కారములు లభించినవి. క్యాసెట్టు వచ్చుటతో శ్రోతకు మరియొక స్వాతంత్ర్యము కలిగినది. రేడియోవాడు వేసిన పాటను వినుట కాక, తాను కోరిన పాటను కోరిన వేళ, కోరినన్ని మారులు వినవచ్చును. పల్లవికిని చరణమునకును నడుమ వచ్చు వాద్యఖండమును వెనుకకు త్రిప్పి మరల వినవచ్చును. మా తరమువారు చేసినది ఇదియే. పాట సాహిత్యమున ఒక్క ముక్కయు గుర్తులేకున్నను, నడిమి వయొలిన్ల వరుసను మాత్రము ఈలవేయగలవారిని మేము ఎందరినో ఎరుగుదుము. ఇట్టి శ్రోత పద్యనాటకపు శ్రోతకు పూర్తిగా భిన్నుడు. వాద్యబృంద రచనను వినుట నేర్చిన తొలి తెలుగు శ్రోతృవర్గము ఇది యనిన అతిశయోక్తి కాదు.

ఈ వర్గమువారు 2011 నాటికి నడివయస్కులు. అంతకు ముందు రెండేండ్ల క్రిందట మలయాళమున వచ్చిన పళస్సిరాజా చిత్రపు నేపథ్యసంగీతమునకు ఇళయరాజా జాతీయపురస్కారము నందుకొనెను. ఇచట ఒక చారిత్రకవిశేషమును గమనింపవలెను. సంగీతదర్శకత్వమునకు జాతీయపురస్కారము 1967 నాటి చిత్రములతో ఆరంభమైనది. దానిని మొదట పొందినవాడు మహదేవన్. పాటలకును నేపథ్యసంగీతమునకును కలిపి ఒక్కటే పురస్కారముండుట సాధారణముగా నియమమై యుండెను. 2009వ సంవత్సరపు పురస్కారములతో ఈ రెంటిని మరల వేరుచేసిరి. ఆ యేడు నేపథ్యసంగీతమునకు వేరుగా నిచ్చిన పురస్కారము పళస్సిరాజాకు వచ్చినదే. శ్రోతలలో కొందరు పాతికేండ్లుగా చెప్పుచున్న భేదమును ప్రభుత్వము అప్పటికి అంగీకరించినదన్నమాట.

ఈ భేదమును కొంత వివరింపవలెను. దక్షిణాదిని చిత్రపరిశ్రమలో నేపథ్యసంగీతము కూర్చుటను ‘రీ-రికార్డింగు’ అందురు. పాటలు చిత్రీకరణమునకు పూర్వమే తయారగును. రీ-రికార్డింగు చిత్రము కూర్పు ముగిసిన పిదప జరుగును. సంగీతకర్త రీలు తరువాత రీలు చూచి, ఏ చోట సంగీతము మొదలుకావలెను, ఏ చోట ఆగవలెను, ఏ చోట మౌనము వహింపవలెను అని నిర్ణయించును. ఇళయరాజా ఈ పనిని ఎంత వేగముగా, వాద్యము పట్టుకొనకయే కాగితము మీద స్వరలిపి వ్రాయుచు చేయునో చిత్రరంగమున ప్రసిద్ధము. మదరాసున ధనరాజు మాస్టరు వద్ద నేర్చిన పాశ్చాత్యసంగీతలిపి ఆయనకు ఇందుకు సాధనము. పాటలు విడుదలకు ముందే శ్రోతకు చేరును. రీ-రికార్డింగు చిత్రముతో తప్ప శ్రోతకు చేరదు. కనుక వృద్ధసంగీతకర్తకై వేచియుండు శ్రోత రెండు విడతలుగా వేచియుండవలెను. మొదటి విడత అందరిది. రెండవ విడత కొందరిదే.

పాశ్చాత్యదేశములలో స్థితి వేరు. అచట పెక్కు చిత్రములలో పాటలు లేవు కనుక, రికార్డుగా విక్రయింపబడునది తరచు నేపథ్యసంగీతమే. 2022లో స్పీల్‌బెర్గు తన బాల్యకథను ఫేబుల్‌మన్స్ యను చిత్రముగా తీసినప్పుడు తొంబదియేండ్ల జాన్ విలియమ్స్ దానికి సంగీతము కూర్చెను. యుద్ధనౌకలకును ఆకాశయానములకును భేరీతూర్యములు మ్రోగించిన సంగీతకర్త, ఒక కుటుంబకథకు పియానోతో ఏమి పలికించునో యని అభిమానులు వేచియుండిరి. వారికి ఒక్కటే విడత. వారు వేచియున్నది వారికి ఒక రికార్డుగా చేతికందును. మన శ్రోత రెండవ విడతలో వేచియున్నది ఎన్నడును విడిగా చేతికందకపోవచ్చును. అందువలననే ఇళయరాజా అభిమానులు పాతచిత్రముల నుండి నేపథ్యసంగీతఖండములను తామే వేరుచేసి భద్రపరచుకొను అలవాటు ప్రబలినది.

శ్రీరామరాజ్యము పాటలు 2011 ఆగస్టులో భద్రాచలమున విడుదలయ్యెను. స్థలనిర్ణయము యాదృచ్ఛికము కాదు. రామదాసు కీర్తనల ఊరు. జొన్నవిత్తుల రామలింగేశ్వరరావు పాటలన్నిటిని వ్రాసిరి. ఆ యేడు ఫిబ్రవరి 24న ముళ్లపూడి వెంకటరమణ పరమపదించుటచే, చిత్రము మీద శ్రోతలకు గల ఆసక్తిలో ఒక విషాదము కూడ చేరియుండెను. బాపురమణల జంటకు ఇదియే చివరిది కానున్నదని అందరికి తెలియును. ఇట్టి నిరీక్షణమును వట్టి కుతూహల మనరాదు.

పాటలు వినిన వెంటనే పోలికలు మొదలయ్యెను. లవకుశ పాటలవలె ఇవి నోటికి రావనినవారు కొందరు. నోటికి వచ్చుటకు 48 ఏండ్లు వినవలెనని వారికి ఎవ్వరును చెప్పలేదు. ఇది పరిహాసము కాదు. మొదటిమారు వినిన పాటను వేయిమారులు వినిన పాటతో పోల్చునప్పుడు చెవి తటస్థముగా నుండజాలదు.

పోల్చదగినచోట పోల్చుట మంచిదే. సీతాపరిత్యాగ ఘట్టమును గ్రహింతము. రెండు చిత్రములందును ఇచట ఒక అదృశ్యగాయకుని పాట కలదు. 1963లో ఘంటసాల పాడిన ‘ఏ నిమిషానికి ఏమి జరుగునో’ అనునది విధిని గూర్చిన తత్త్వము. మానవునకు రేపటి సంగతి తెలియదను సామాన్యసత్యమును సీతాకథకు అన్వయించి ఓదార్చును. 2011లో బాలసుబ్రహ్మణ్యము పాడిన ‘గాలి నింగి నీరు’ అనునది ఓదార్పు కాదు. అది పంచభూతములను నిలదీయు పాట. మీలో ఒక్కరైనను రాముని వారింపలేకపోతిరా యని దాని భావము. సంస్కృతనాటకమును చదివినవారికి ఇచట ఉత్తరరామచరిత తృతీయాంకమునందలి వాసంతి స్ఫురింపక మానదు. అచట వనదేవత రాముని అడుగును. ఇచట కవి వనమునే అడుగును. రచయిత భవభూతిని తలంచెనో లేదో మేము చెప్పజాలము. పరంపర మాత్రము అది. మొదటి పాట వినువాడు తలవంచి అంగీకరించును. రెండవ పాట వినువాడు అంగీకరింపజాలడు. కరుణము రెంటను కలదు. దాని లక్ష్యము వేరు. ఈ రెంటిలో ఏది గొప్ప యను ప్రశ్నకు, ఓదార్పు కోరువానికి మొదటిది, న్యాయము కోరువానికి రెండవది యని మాత్రమే చెప్పగలము. శ్రోతలు చేసిన పోలికలలో ఈ భేదము వచ్చిన సందర్భములను మేము అరుదుగా చూచితిమి. వరుస తెలిసినదా కాదా యను నొక్క ప్రశ్నతో వారు తృప్తిపడిరి.

కుశలవుల పాటల విషయమున ఇళయరాజా ప్రాతసంప్రదాయమునే అనుసరించెను. ఇద్దరు బాలురకు రెండు స్త్రీకంఠములను వాడుట 1963 నాటి పద్ధతి. 2011లో చిత్ర, శ్రేయా ఘోషాల్ ఆ స్థానమున నిలిచిరి. శ్రోత కోరినదానిని ఈయవలసిన చోట ఇచ్చుట ఇది. కాటిసీనులో జాషువా పద్యమును పాడిన నటుని వివేకము ఇందు కానవచ్చును. పట్టాభిషేక సందర్భమున పాటకు ‘జగదానందకారక’ అని త్యాగరాజ పంచరత్నములలో మొదటిదాని పేరే ఆరంభమైనది. తెలిసిన పలుకుతో తలుపు తెరచి, లోపల బృందగానముతో, వాద్యసముదాయముతో శ్రోతకు తెలియని గదిని చూపుట ఆ పాటలోని ఉపాయము. ఘంటసాల పాటలలో ఒక్క కంఠము ముందు నిలుచును, వాద్యములు వెనుక నడచును. ఇళయరాజా పాటలో వాద్యములును కంఠముతోపాటు కథ చెప్పును. క్యాసెట్టు తరము వారికి ఇది సులభముగా వినబడినది. వారికంటె పెద్దలకు వాద్యములు అడ్డువచ్చినట్లు తోచినది.

ఇక రెండవ విడత. నవంబరులో చిత్రము విడుదలయ్యెను. నేపథ్యసంగీతము విషయమున ఇళయరాజా ఎవ్వరితోను పోటీపడవలసిన పని లేకపోయినది. 1963 నాటి పాటలు ఎవ్వరికి మరపురావు. కాని పాటలకు నడుమ వచ్చిన వాద్యసంగీతము ఎందరికి జ్ఞాపకమున్నది? దానిని రికార్డులు నిలుపలేదు, మైకుసెట్లు వినిపింపలేదు, వివిధభారతి ప్రసారము చేయలేదు. మరల మరల వినుటకు సాధనము లేనిది జ్ఞాపకమున నిలువదని 1934 నాటి పాటల విషయమున చెప్పితిమి. అదే నియమమున 1963 నాటి నేపథ్యసంగీతము కూడ మాసిపోయినది. కనుక పాటలలో అర్ధశతాబ్దపు జ్ఞాపకములకు బందీయైన సంగీతకర్త, సంభాషణల నడుమ, చూపుల నడుమ స్వేచ్ఛ కలవాడయ్యెను. ఉత్తరరామకథలో ముఖ్యమైనవి పలుకని మాటలే కదా. రాముడు సీతతో చెప్పలేక లక్ష్మణునకు చెప్పును. లక్ష్మణుడు త్రోవలో చెప్పలేక అడవిలో చెప్పును. కవి మాట ఆగిన ఈ తావులలో సంగీతము పలుకవలసియుండెను. మా అభిప్రాయమున ఈ చిత్రమునకు ఇళయరాజా చేసిన ఉపకారములో ఎక్కువపాలు ఇచటనే యున్నది. పాటలను గూర్చి వాదించినవారు ఈ భాగమును గూర్చి వాదింపలేదు. పోల్చుటకు పాతది లేదు. విడిగా వినుటకు క్రొత్తదియు చేతిలో లేదు.

ఆ సంవత్సరపు నంది పురస్కారములలో శ్రీరామరాజ్యము ఉత్తమచిత్రముగను, ఇళయరాజా ఉత్తమసంగీతదర్శకుడుగను ఎన్నికైరి. బాపునకు ఇదియే చివరి చిత్రము. ఆయన 2014 ఆగస్టు 31న దివంగతుడయ్యెను. ఇళయరాజా విషయమున శ్రోతల నిరీక్షణము ఆగలేదు. ఆయన వేయవ చిత్రముగా ప్రకటింపబడిన తారై తప్పట్టై నేపథ్యసంగీతమునకు మరల జాతీయపురస్కారము వచ్చినది. 2025 మార్చిలో ఎనుబదియొకటవ యేట లండనులో తన సింఫొనీని ప్రదర్శించెను.

పరిశోధకవిద్యార్థులు ఈ మార్గమున చేయవలసిన పని యెంతయో కలదు. పాటల పుస్తకములు, రికార్డుల అట్టలు, క్యాసెట్టుల లోపలి కాగితములు, పత్రికలలో పాఠకుల లేఖలు, మైకుసెట్టువారి జాబితాలు నశించుటకు ముందే సేకరింపవలెను. విడుదలకు పూర్వము వ్రాసిన లేఖలను, విడుదలకు తరువాత వ్రాసిన లేఖలను వేరుచేసి చదివినచో శ్రోత ఏమి కోరెను, ఏమి పొందెను అను రెండు ప్రశ్నలను కలగాపులగము చేయు దోషము తప్పును. మైకుసెట్టు నడిపినవారిలో వృద్ధులు ఇంకను కొందరున్నారు. ఏ యేట ఏ రికార్డు అరిగిపోయి క్రొత్తది కొనవలసివచ్చెనో వారికి చక్కగా జ్ఞాపకము. ఏ పాట ఎంత వినబడెనో చెప్పుటకు ఇంతకంటె నమ్మదగిన సాక్ష్యము దుర్లభము. మా ఎరుకలో నేడు శ్రీరామనవమి పందిళ్లలో 1963 నాటి పాటలతోపాటు 2011 నాటి పాటలును వినవచ్చుచున్నవి. 1934 నాటి పాట మాత్రము ఏ పందిటను మేము వినలేదు.